ఎడమ మూల

జూన్ 16, ఆదివారం

ఏ ఫోటో ఎలా తీశానో ఆ రోజే రాసుకోమన్నాడు పెంచల్. రాసుకోకపోతే చేసిన తప్పే మళ్ళీ చేస్తామట. చర్చిలో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇన్నాళ్ళూ ఖాళీగానే పడి ఉంది. ఇందులో రాస్తాను.

కెమెరా పాతది. పెంచల్ తన బిట్రగుంట స్టూడియోలో పెళ్ళిళ్ళకు వాడి వాడి పక్కన పెట్టేసింది. వెనక స్క్రీన్ పనిచేయదు. తీసింది అప్పటికప్పుడు కనబడదు. శనివారం సాయంత్రం అతని దగ్గరికి వెళ్ళి కంప్యూటర్‌లో చూడాలి.

"మంచిదేలే అన్నా. లేకుంటే తీసిందాన్నే చూసుకుంటా కూచుంటావు. కుడికన్ను గాజుకి ఆనించు, ఎడమకన్ను మూసెయ్యి, నొక్కు. అంతే" అన్నాడు.

మొదటి పాఠం ఒకటే. నొక్కే ముందు నాలుగు మూలలూ చూడాలి. మధ్యలో ఉన్నదాన్ని ఎవరైనా చూస్తారు, ఫోటో చెడేది మూలల దగ్గరే అన్నాడు. నాకిది కొత్త కాదు. బస్సు కదిలించే ముందు ఎడమ అద్దం, కుడి అద్దం, లోపలి అద్దం చూడడం ముప్పై ఏళ్ళ అలవాటు.

ఈ వయసులో కెమెరా ఎందుకు నాన్నా అని ఎవాంజెలిన్ అడిగింది. ఇంజనీరింగ్ కాలేజీ బస్సు తోలే వాడికి ఊళ్ళో పిల్లలందరి ముఖాలూ తెలుస్తాయి. లోపలి అద్దంలో రోజూ కనిపిస్తారు. నా కూతురు ఎప్పుడు పెరిగిందో నాకు తెలియదు. మనవరాలి విషయంలో అలా కానివ్వను. ఇదంతా ఆమెకు చెప్పలేదు. ఊరికే అన్నాను.

ఈరోజు తీసినవి: మనవరాలు మెర్లిన్ గడప మీద కూర్చుని మామిడి టెంక చీకుతోంది. పక్కన నా భార్య కరుణాకుమారి కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది.

"నేనుండానా దాంట్లో?" అని అడిగింది తలెత్తకుండానే.

"ఉండావులే" అన్నాను.

జూన్ 22, శనివారం

వెలుతురు సరిపోయింది. చెయ్యి వణకలేదు. పెంచల్ మెచ్చుకున్నాడు. ఒక్కటే లోపం. కరుణ మొహం పడలేదు. రెండు చేతులు, కత్తిపీట, ఒక చేప తోక పడ్డాయి.

"అక్కని కోసేసినావే" అని నవ్వాడు.

కదిలి ఉంటుంది అన్నాను.

ఇంటికి తెచ్చి చూపిస్తే కరుణ చాలాసేపు చూసింది. "చేతులు మటుకు పడినాయి. ఇంట్లో పనికొచ్చేవి అవే గదా, అవుంటే చాల్లే అనుకున్నావా" అంది. ఎవాంజెలిన్ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వచ్చే వారం సరిగా తీస్తాను.

జూన్ 27, గురువారం

అల్లూరు రోడ్డు మలుపులో చేపల ఆటో ఒకటి ఎక్కడి నుంచో వచ్చి బస్సుకు ఎడమ పక్క రాసుకుంది. అద్దం పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఐసు పెట్టెలతో నిండిన ఆటో, వాడు చూసుకోవద్దా.

కాలేజీలో బస్సుల వ్యవహారం చూసే వెంకయ్య గారు గీతను వేలితో తడిమి చూశారు. "ఏంది తిమోతీ, నీ బండికి గీతా? ఇది మొదటిది గదా" అన్నారు.

మొదటిదే. చివరిది కూడా అన్నాను.

జూన్ 30, ఆదివారం

నేర్చుకున్నవి. ఎండలో మనిషిని నిలబెట్టకూడదు, కళ్ళు చికిలిస్తారు. వసారాలో సాయంత్రం వెలుతురు మంచిది. నవ్వమని అడగకూడదు. పనిలో ఉన్నప్పుడే తీయాలి.

అల్లుడు ఫ్రెడ్డీ పోర్టు పని నుంచి వచ్చాడు. అందరినీ భోజనం దగ్గర తీశాను. కరుణ వడ్డిస్తోంది. "నేనుండానా?" అంది. ఉన్నావన్నాను. నాలుగు మూలలూ చూశాను.

జులై 6, శనివారం

ఫ్రెడ్డీ బాగా పడ్డాడు. ఎవాంజెలిన్, మెర్లిన్, రసం గిన్నె, గోడ మీద వాక్యం రాసిన క్యాలెండరు, అన్నీ పడ్డాయి. ఎడమవైపు గాలిలో ఒక గరిటె ఉంది. గరిటె పట్టుకున్న మనిషి లేదు.

పెంచల్ ఈసారి నవ్వలేదు. లెన్సు లోపమేమో చూడమన్నాను. పాత లెన్సు కదా. చూస్తానన్నాడు.

కరుణకు చూపించలేదు. తనే కవరు తీసి చూసింది. "వాళ్ళందర్నీ చక్కంగా తీసినావు. నామీద ఏమన్నా కోపం ఉంటే నోటితో చెప్పు" అంది. ఈమారు సరదాకి అనలేదు.

జులై 18, గురువారం

మధ్యాహ్నం వాన. సాయంత్రం తిరుగు ట్రిప్పులో, ఊరి మొదట్లో, గడ్డిమోపు ఎత్తుకున్న ఒకామె ఎక్కడి నుంచో రోడ్డు మీదికొచ్చింది. ముందు సీట్లో ఉన్న ఉష "అంకుల్, ఆపండి" అని గట్టిగా అరిచింది. బ్రేకు మీద నిలబడ్డాను. ఆమె బస్సుకు అరచెయ్యి దూరంలో ఆగి, మోపు సర్దుకుని, నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఉషది జువ్వలదిన్నె. రెండో సంవత్సరం. చురుకైన కళ్ళు.

జులై 19, శుక్రవారం

ఉషకు వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ఎవరో అన్నట్టు గుర్తు. ఇక మీదట ముందు సీటు నీదేనమ్మా అని చెప్పాను.

"నాకట్టా ఏం లేదంకుల్" అంది.

ఉన్నా లేకపోయినా అక్కడే కూర్చోమన్నాను. ఎడమ పక్క ఎవరైనా అడ్డం వస్తే చెప్తూ ఉండమన్నాను. వానల్లో రోడ్డు పక్కన గొడుగులేసుకుని నడుస్తారు, వాళ్ళకు మన బండి కనబడదు. అందుకని.

జులై 23, మంగళవారం

ఉష రాలేదు. నెమ్మదిగా తోలాను. కాలేజీకి ఆలస్యమైంది. టైరులో గాలి తక్కువగా ఉందని వెంకయ్య గారికి చెప్పాను.

జులై 28, ఆదివారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

వసారాలో కూర్చుని కెమెరా తుడుస్తున్నాను. మెర్లిన్ నా కుర్చీ చుట్టూ ఆడుకుంటోంది. కనబడకుండా పోతుంది, ఉన్నట్టుండి కిసుక్కున నవ్వుతూ నా చెవి దగ్గర తేలుతుంది. మూడు నాలుగు సార్లు అలా చేసింది. ఎక్కడ దాక్కుంటున్నావే అని అడిగాను.

"యాడా దాక్కోలేదు తాతా. ఈణ్ణే నిలబడుండా."

"ఎక్కడ?"

"ఈడ" అని నా ఎడమ చేతి పక్క నిలబడి చూపించింది. "ఈడ నిలబడితే నువ్వు చూడవు. అమ్మ చూస్తాది, అమ్మమ్మ చూస్తాది. నువ్వే చూడవు. అందుకే నీతో ఆడేది."

ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నావు అంటే చాన్నాళ్ళ నుంచి అంది. రెండో తరగతి పిల్లకు చాన్నాళ్ళంటే వారం కావచ్చు.

కెమెరా మీదే నా ధ్యాసంతా ఉండడం వల్ల అయి ఉంటుంది.

ఆగస్టు 3, శనివారం

పెంచల్ నేను వెళ్ళేసరికి నా ఫోటోలన్నీ చిన్న చిన్న ప్రింట్లు వేసి బల్ల మీద పరిచి ఉంచాడు. జూన్ నుంచి తీసినవి. స్టూడియోలో వేరే ఎవరూ లేరు.

"అన్నా, లెన్సు చూసినా. నేను దీంతోనే నిన్న ఒక పుట్టినరోజు తీసినా. లెన్సుకేం లేదు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇవి చూడు. కుడిపక్క ఒక్కటీ తెగలేదు. పైన తెగలేదు. కింద తెగలేదు. ఎడమపక్క మటుకు అన్నిట్లో ఏదో ఒకటి తెగింది. ఇది చేతి తప్పయితే అన్ని పక్కలా జరగాల గదా. ఒక్క పక్కే ఎందుకు జరగతాది?"

అలవాటు లేక అన్నాను.

"మూలలు చూస్తా ఉండావా?"

"చూస్తానే ఉన్నా."

"చూసినావు. కనబడిందా?"

నాకు కోపం వచ్చింది. జూన్‌లో లైసెన్సు కోసం కళ్ళు చూపించుకున్నాను. కింది వరస చిన్న అక్షరాలు కూడా తడబడకుండా చదివాను. ఆ మాటే చెప్పి ప్రింట్లు తీసుకుని వచ్చేశాను. అతను టీ తెప్పించాడు. తాగలేదు.

బల్ల మీద పరిచినప్పుడు అన్నీ ఒకేసారి చూడడం వేరుగా ఉంది. ఆ మాట అతనితో అనలేదు.

ఆగస్టు 4, ఆదివారం

వాదించి లాభం లేదు. తేల్చుకోవాలనుకున్నాను. చర్చి నుంచి వచ్చాక హాల్లో గోడకు ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. గోడ మధ్యలో సుద్దతో ఒక చుక్క పెట్టాను. ఎడమకన్ను చేత్తో మూసి, కుడికన్ను ఆ చుక్క మీద నుంచి కదల్చకుండా కూర్చున్నాను. కరుణను పచ్చ ప్లాస్టిక్ మగ్గు ఒకటి పట్టుకుని, గోడను ఆనుకుని ఎడమ చివర నుంచి మెల్లగా చుక్క వైపు రమ్మన్నాను. మగ్గు కనబడగానే చెప్తాను, అక్కడ సుద్దతో గీత పెట్టమన్నాను.

"నీళ్ళు పట్టే మగ్గుతో ఇదేం ఆటయ్యా" అంది. కానీ చేసింది.

మొదటిసారి గీత చుక్కకు బాగా దగ్గరగా పడింది. నువ్వు తొందరగా వస్తున్నావు అన్నాను. రెండోసారి అక్కడే పడింది. మగ్గు రంగు గోడ రంగులో కలిసిపోతోందన్నాను. ఎర్ర తువ్వాలు తెచ్చింది. అక్కడే పడింది. తర్వాత కుడి చివర నుంచి రమ్మన్నాను. తలుపు దగ్గర మొదలుపెట్టగానే కనబడింది.

కరుణ చేతిలో సుద్దతో గోడ వైపే చూస్తూ నిలబడింది.

"ఏమయ్యా, నీ కళ్ళెదురుగా గోడంతా నడిచొచ్చినా గదా" అంది.

గోడను ఫోటో తీశాను. ఈసారి చూసి తెలుసుకోవలసింది ఏమీ లేదు. అయినా తీశాను.

ఆగస్టు 5, సోమవారం

పొద్దున మళ్ళీ చేశాం. అదే.

ఆగస్టు 9, శుక్రవారం

సెలవు పెట్టి నెల్లూరు వెళ్ళాను. కరుణ వస్తానంది, వద్దన్నాను.

గిన్నెలాంటి ఒక యంత్రంలో తల పెట్టించారు. మధ్యలో లైటునే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ చుక్క మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. నాకు ఆ పని సులువుగానే ఉంది. చాలాసేపు చుక్కలేమీ రాలేదు, యంత్రం ఆగిపోయిందనుకున్నాను. తర్వాత కాగితం చూపించారు. కుడికన్నుకు ఎడమవైపు నల్లగా ఉంది. యంత్రం ఆగలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. నీటికాసులు, అంటే గ్లకోమా. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అక్షరాల పరీక్ష చూపు నడిమధ్యలో ఉన్నదాన్ని మాత్రమే చూస్తుంది, అక్కడ మీకు బాగానే ఉంది. పోయింది పక్కన. ఎడమకన్నులో కూడా ఎడమపక్కే మొదలైంది, అది ఇంకా కొంతవరకే ఆదుకుంటోంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది, మిగతాది మెదడు తనే అల్లుకుంటుంది. అందుకే మీకు తెలియలేదు. ఒక కన్ను మూస్తేనే తెలుస్తుంది.

పోయింది రాదు. చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది.

"ఏం పని చేస్తారు?" అని అడిగారు చివర్లో.

చెప్పాను.

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "ఇక మీదట బస్సు తోలకూడదు" అన్నారు. కాగితం మీద కూడా రాశారు.

ఇంటికొచ్చి కరుణకు చుక్కల మందు ఇచ్చారని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఆగస్టు 11, ఆదివారం

దసరా సెలవుల దాకా తోలి, అప్పుడు చెప్తే కాలేజీకి కూడా ఇబ్బంది ఉండదు. మధ్యలో డ్రైవర్లు దొరకరు. రోడ్డు నాకు కొట్టిన పిండి. ఉష ముందు సీట్లో ఉంటుంది.

మెర్లిన్ జడ అల్లించుకుంటుండగా తీశాను. మూలలు చూశాను.

ఆగస్టు 14, బుధవారం

ఏమీ జరగలేదు.

ఆగస్టు 16, శుక్రవారం

ఏమీ జరగలేదు. మెడ తిప్పుతూ తోలుతున్నాను. అలవాటైపోతుంది.

ఆగస్టు 19, సోమవారం

కరుణ రెండు పూటలా కళ్ళలో చుక్కలు వేస్తోంది. "మంట పుడతాందా?" అని అడుగుతుంది. లేదంటాను. ఇంకేం చెప్పారు ఆ డాక్టరమ్మ అని ఈరోజు కూడా అడిగింది. ఇంకేం లేదన్నాను.

ఆగస్టు 22, గురువారం

జువ్వలదిన్నె స్టాపుకు ముందే చేరాను. ఎవరూ రాలేదు. తెల్లవారుజామున వాన పడి వెలిసింది. రోడ్డు తడిగా, ఖాళీగా, సముద్రం దాకా తిన్నగా ఉంది. ఇంజను ఆపకుండా, బ్రేకు వేసి, సీట్లోంచే ముందద్దంలో నుంచి ఒకటి తీశాను. నాలుగు మూలలూ చూశాను. ఇంతవరకు తీసిన వాటిలో ఇదే మంచిది అవుతుంది.

పిల్లలొచ్చేలోపు బండి తిప్పి పెట్టుకుందామని గేరు వేసి స్టీరింగ్ ఎడమకు కోశాను. ఎవరో బస్సు పక్కన అరచేత్తో దబదబా కొట్టారు. ఆలస్యమైన పిల్లలకు అది అలవాటే. ఆపి తలుపు తీశాను. ఉష ఎక్కింది. గుడ్ మార్నింగ్ చెప్పలేదు. ముందు సీట్లో కూర్చోకుండా చివరికంటా వెళ్ళిపోయింది. ఇంట్లో ఏదో మాట పడి ఉంటుంది. పిల్లలు కదా.

ఆగస్టు 24, శనివారం

మూడు వారాల తర్వాత పెంచల్ దగ్గరికి వెళ్ళాను. పాత సంగతి ఎత్తలేదు. కార్డు తీసుకుని కంప్యూటర్‌లో పెట్టాడు. జడ ఫోటో, వసారా ఫోటో దాటించి రోడ్డు ఫోటో దగ్గర ఆగాడు.

"ఇది బాగుండాది అన్నా. తడి రోడ్డు బాగా వచ్చింది" అన్నాడు. తర్వాత తెరకు దగ్గరగా వంగాడు. "ఈ పాప ఎవురు? కింద ఏందో యేరుకుంటాంది."

"ఏ పాప?"

వేలు పెట్టి చూపించాడు. కుర్చీలో మొత్తం పక్కకు తిరిగి చూశాను.

ఎడమ కింది మూల. బస్సు ముందు భాగానికి కాస్త అవతల ఒక ఆడపిల్ల వంగి ఉంది. వీపున నీలం సంచి. జడ ముందుకు పడింది. రోడ్డు మీద కాగితాలు చెదిరి ఉన్నాయి, ఒకటి చేతిలో ఉంది. ముఖం కనబడటం లేదు. కనబడనవసరం లేదు. ఆ సంచి నెల రోజులుగా నా పక్క సీటు దగ్గర ఉంది.

ఆ ఫోటో తర్వాత నేను చేసిన పని గేరు వేసి ఎడమకు తిప్పడం.

పెంచల్ ఏదో అడుగుతున్నాడు. ప్రింటు వేయమన్నాను. పెద్దది వేయమన్నాను.

ఇంటికొచ్చి ఇందులో రాసుకున్నదంతా మొదటి నుంచీ చదివాను. ఆటో ఎక్కడి నుంచో వచ్చింది. గడ్డిమోపు ఆమె ఎక్కడి నుంచో వచ్చింది. ఎక్కడి నుంచో అని రాసిన ప్రతిచోటా ఎడమపక్క నుంచి అని ఉండాలి. ఎవరూ ఎక్కడి నుంచో రాలేదు. అక్కడే ఉన్నారు.

ఆగస్టు 25, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక కరుణను కూర్చోబెట్టి డాక్టరమ్మ కాగితం, ఉష ఫోటో రెండూ ముందు పెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఫోటో చాలాసేపు చూసింది. తర్వాత కాగితం చూసింది.

"రోజూ చుక్కలు వేస్తాండేది నేను. బస్సు సంగతి నాకు చెప్పలేదే."

తప్పే అన్నాను.

"కాగితం ఇచ్చినాక కూడా తోలినావు."

తోలానన్నాను.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎడమపక్క నిలబడింది. నేను ఎదురుగా గోడ వైపు చూస్తున్నాను.

"ఇప్పుడు కనబడతాండానా?"

"నీ చీర అంచు కనబడుతోంది."

ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇప్పుడు?"

"లేదు."

"పెళ్ళినాడు పాస్టరు గారు ఈ పక్కనే నిలబెట్టినారు. అప్పట్నుంచి యాడికి పోయినా ఈ పక్కనే నిలబడతా ఉండా. నడిచేటప్పుడు ఈ పక్కే, మందిరంలో ఈ పక్కే. ఇంక మారమంటావా?"

వద్దన్నాను. నువ్వు అక్కడే ఉండు, తిరిగేది నేను అన్నాను.

"జూన్ నుంచి నామీద కోపం అనుకుంటా ఉండా" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని అన్నం పెట్టింది.

ఆగస్టు 26, సోమవారం

కృష్ణాష్టమి, కాలేజీ లేదు. రేపు బస్సు కదలాలి. కాబట్టి ఈరోజే. వెంకయ్య గారి ఇంటికి వెళ్ళాను. వాకిలి నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేసి ఉన్నాయి. తొక్కకుండా దాటాలని తల దించి, రెండు పక్కలా చూసుకుంటూ వెళ్ళాను.

తాళాలు బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను.

ఆయన డాక్టరు కాగితం తీసుకోలేదు. "దసరా దాకా లాగలేవా తిమోతీ? ఇప్పుడు ఉన్నట్టుండి డ్రైవర్ని యాడ తెచ్చేది? రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది నీకు. బానే కనబడతాంది గదా, నా ఇంటికొచ్చినావు, పాదాలు తొక్కకుండా వచ్చినావు" అన్నారు.

నేను పదిహేను రోజులుగా నాకు చెప్పుకున్న మాటలే. ఆయన నోట వింటే ఎలా ఉంటాయో తెలిసింది.

ఫోటో ఇచ్చాను.

"రోడ్డు" అన్నారు.

"కింద, ఎడమ మూల చూడండి సార్."

చూశారు.

"ఎవురీ పిల్ల?"

"మన పిల్లే. ఉష. ఇది నేను డ్రైవర్ సీట్లోంచి తీసింది. తీసినప్పుడు ఈ పిల్ల నాకు కనబడలేదు. తీసి గేరు వేశాను. ఆ పిల్ల బస్సును చేత్తో కొట్టింది కాబట్టి ఆపాను."

వెంకయ్య గారు ఆ ఫోటోను బోర్లా పెట్టారు. లేచి లోపలికి వెళ్ళారు, మంచినీళ్ళు తెచ్చారు, నాకు కాదు, ఆయనే తాగారు. తర్వాత తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నారు.

"పోలేరయ్యను పిలుస్తా. వాడికి ఆ రూటు తెలీదు. రేపొక్కరోజు పక్కన కూర్చోని చూపించు" అన్నారు.

ఆగస్టు 27, మంగళవారం

పోలేరయ్య తోలాడు. నేను ఉష సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లోంచి ఎడమపక్క ఎంతమంది నడుస్తారో. బడికి పోయే పిల్లలు, సైకిళ్ళు, గేదెలు, వలలు మోసుకుపోయే వాళ్ళు. అన్నిటికీ పోలేరయ్య ముందే హారన్ కొట్టాడు. నేను చెప్పే పని పడలేదు.

జువ్వలదిన్నెలో ఉష ఎక్కి నన్ను చూసి ఆగింది. లేచి సీటు ఇచ్చాను. కూర్చోలేదు.

"అంకుల్, ఆ రోజు మీరు నన్ను నిజంగానే చూడలేదా?"

"చూడలేదమ్మా. నా కంటికి ఆ పక్క కనబడదు. డాక్టరు తోలొద్దన్నాక కూడా తోలాను."

కిటికీ వైపు తిరిగి సంచి పట్టీ సర్దుకుంది.

"కావాలని చేసినారేమో అని భయపడ్డా. అంతకు ముందు వారం మీ మాట వినకుండా ఒకరోజు వెనక కూచున్నా గదా, దానికేమో అని. ఇంట్లో చెప్తే చదువు మానిపిస్తారు, అందుకని చెప్పలే" అంది.

చెప్పి ఉండాల్సింది అన్నాను.

"మీరు కూడా" అంది.

కాలేజీ దగ్గర దిగేటప్పుడు రేపు వస్తారా అని అడిగింది. రానన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆగస్టు 28, బుధవారం

ఉదయం బస్సు మా ఇంటి ముందు నుంచి వెళ్ళింది. హారన్ వినిపించి గేటు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి దాటిపోయింది.

సెప్టెంబరు 1, ఆదివారం

పెంచల్‌కు సంగతి చెప్పాను. కెమెరా వెనక్కి తీసుకుంటానన్నాడు. ఇవ్వనన్నాను.

"ఎట్టా తీస్తావన్నా మరి?"

"నువ్వు చెప్పినట్టే. మూలలు చూసి."

మూడు కాళ్ళ స్టాండు ఒకటి అరువిచ్చాడు. కెమెరాను దాని మీద నిలబెడితే అది కదలదు. అప్పుడు కన్ను తీసి, తల మొత్తం తిప్పి, అసలు మనుషుల్నే ఒక్కొక్కరిగా చూసుకోవచ్చు. తర్వాత మళ్ళీ గాజులోకి వచ్చి, కంటి నల్లగుడ్డును ఎడమ అంచు దాకా నెట్టి, అక్కడ ఉండాల్సిన వాళ్ళు ఉన్నారో లేదో వెతకాలి. ఊరికే చూస్తే చాలదు. వెతకాలి. ఒక ఫోటోకు చాలాసేపు పడుతోంది. మెర్లిన్‌కు విసుగు పుట్టి లేచిపోయింది.

రేపు మళ్ళీ.

సెప్టెంబరు 4, బుధవారం

పని లేదు కాబట్టి ఇప్పుడు రోజూ పెంచల్ దగ్గరికి వెళ్ళి చూస్తున్నాను. ఎడమ అంచు తెగింది. రేపు మళ్ళీ.

సెప్టెంబరు 5, గురువారం

తెగలేదు. కానీ నీళ్ళ బిందె ఒక్కటే ఉంది అక్కడ. మనుషులతో చేయాలి.

సెప్టెంబరు 8, ఆదివారం

ఫ్రెడ్డీ వచ్చాడు. సాయంత్రం వసారాలో వెలుతురు బాగుంది. అందరినీ మెట్ల మీద నిలబెట్టాను. నవ్వమనలేదు. ఎవాంజెలిన్ కుడి చివర, ఫ్రెడ్డీ ఆమె పక్కన, కింది మెట్టు మీద మెర్లిన్. కరుణ ఎడమ చివరికి వెళ్ళి నిలబడింది.

"అమ్మా, నువ్వు మధ్యలోకి రా. నాన్నకు అటు పక్క కనపడదు" అంది ఎవాంజెలిన్.

"నేనీడే నిలబడతా" అంది కరుణ.

స్టాండు మీద కెమెరా పెట్టాను. తల తిప్పి ఒక్కొక్కరినీ చూశాను. కన్ను ఆనించాను.

"తాతా, నేను కూడా అమ్మమ్మ దగ్గరికి పోనా? ఆ పక్క నీకు కష్టం గదా, ఇద్దరం ఉంటే బాగా కనబడతాం" అంది మెర్లిన్. పొమ్మన్నాను. వెళ్ళి కరుణ చీర పట్టుకుంది.

పై కుడి మూల: తలుపు చట్రం. కింది కుడి మూల: ఎవాంజెలిన్ చెప్పులు. పై ఎడమ మూల: దండెం మీద నా ఖాకీ చొక్కా ఆరుతోంది. ఉండనీ అనుకున్నాను.

"ఇంకా ఎంతసేపు" అన్నారెవరో. ఫ్రెడ్డీ అనుకుంటా.

"నేనుండానా?" అని అడిగింది కరుణ.

 గాజు నుంచి తల తీసి, మెడ పూర్తిగా తిప్పి ఆమెను చూశాను. బూడిద రంగు చీర, చేతిలో ఇంకా వంటింటి గుడ్డ, నుదుటి మీద చెమట. కాళ్ళకు చుట్టుకుని మెర్లిన్. మళ్ళీ కన్ను ఆనించి కింది ఎడమ మూల దాకా వెతికాను. పాదాలు. చీర అంచు. మోచెయ్యి. ముఖం. ఆమెకు అవతల ఇంకా కొంచెం గోడ.

"ఉండావు" అన్నాను.

అప్పుడు నొక్కాను.